వెనక్కి తిరిగినవాళ్ళ లెక్క

నది ఇవతలి గట్టు, రెండో అంతస్తు గది
ఫిబ్రవరి 9

అక్కా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. "బతికే ఉన్నావా, లేక కళ్ళద్దాలు సానబెట్టీ సానబెట్టీ నువ్వే అరిగిపోయావా" అని అడిగావు. బతికే ఉన్నాను. షాపులో నా బల్ల వెనక గదిలో ఉంటుంది, దానికి కిటికీ లేదు. ముందు గదిలో వాళ్ళు మనుషుల్ని చూస్తారు, నేను ఆ మనుషుల నంబర్లు చూస్తాను. ఈ ఊరొచ్చి ఎనిమిది నెలలైంది. నాతో రోజూ మాట్లాడేది సానబెట్టే యంత్రం ఒక్కటే, అది కూడా పొద్దున్నుంచి సాయంత్రందాకా ఒకే మాట.

అయితే ఒక కొత్త సంగతి ఉంది. పాత సైకిలొకటి కొన్నాను. మొన్న ఆదివారం దాని చైన్ ఊడిపోయి రోడ్డు పక్కన కూర్చుని కుస్తీ పడుతుంటే, ఓ పదిమంది సైకిళ్ళ మీద వరసగా వచ్చారు. అందులో ఒకావిడ దిగి, నన్ను పక్కకి జరగమని, సైకిల్ని తలకిందులు చేసి రెండు నిమిషాల్లో చైన్ ఎక్కించేసింది. చేతులు మసైపోయాయి. "ఒక్కరే తిరిగితే బళ్ళవాళ్ళకి కనబడరండీ. పదిమంది తిరిగితే తిట్టుకుంటూనైనా చూస్తారు. మాతో రండి" అంది. హైస్కూల్లో లెక్కల టీచరట. ప్రతి ఆదివారం పొద్దున్న ఆరింటికి బేకరీ ముందు కలుసుకుంటారు. బేకరీ ఆయన కూడా వస్తాడు, ఓ పళ్ళ డాక్టరూ ఆయన భార్యా వస్తారు. నాకు అద్దాలవారు అని పేరు పెట్టేశారు.

వీళ్ళకో పోరాటం ఉంది. ఈ ఊరు నదికి రెండు వైపులా ఉంది, మధ్యలో ఒకే ఒక్క వంతెన. దాని మీద లారీలూ బస్సులూ. పక్కన నడిచే గట్టు రెండు జానలు కూడా లేదు. టీచరు ఇల్లు ఇవతల, బడి అవతల. రోజూ ఆ లారీల మధ్యే వెళ్తుంది. వంతెన మీద సైకిళ్ళకి విడిగా ఓ దారి కావాలని అర్జీ పెట్టారు. మున్సిపల్ ఇంజనీరు ఏమన్నాడో తెలుసా? "వంతెన మీద అసలు సైకిళ్ళేవండీ?" అన్నాడట. "అయితే లెక్కపెట్టి చూపిస్తాం" అందిట టీచరు.

నీ చెవి ఎలా ఉంది?

నత్త

*

సముద్రం ఒడ్డు, ఆసుపత్రి వెనక సందు
ఫిబ్రవరి 21

ఒరేయ్ నత్తా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. టీచరు అన్న మాట మూడుసార్లు. అక్క అన్న మాట ఒక్కసారి. ఇంజనీరు కంటే ముందు నేను లెక్కపెట్టాను, చూశావా?

ఎడమ చెవి సంగతి నీకు తెలిసిందే, అది పోయినట్టే. కుడిది నెట్టుకొస్తోంది. ఆసుపత్రి కుట్టు గదిలో పని మామూలే. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు. నా మిషను నడుస్తోందో ఆగిందో చేత్తో తడిమి తెలుసుకుంటున్నాను, అంతే తేడా. ఫోన్‌లో మెసేజ్‌లు పెట్టుకుందామని మాత్రం మళ్ళీ అనకు. నిన్ను తిట్టడానికి అందులో చోటు చాలదు.

ఒకటి అడుగుతాను. నువ్వు అన్నీ కళ్ళతో చూసి రాస్తావు, అద్దాలవాడివి కదా. చెవులతో విని రాయి. వంతెన మీద సైకిలు వెళ్తే ఎలా ఉంటుంది? ఆవిడ నవ్వితే గట్టిగా నవ్వుతుందా, లోపల్లోపలా?

అక్క

*

నది ఇవతలి గట్టు
ఏప్రిల్ 13

అక్కా,

విను. వంతెనకి పధ్నాలుగు చోట్ల అతుకులున్నాయి. ఒక్కో అతుకు దగ్గర ముందు చక్రం "టక్" మంటుంది, వెనక చక్రం కాస్త ఆలస్యంగా "టకా" అంటుంది. లారీ వెనక నుంచి వస్తుంటే ముందు హ్యాండిల్ వణుకుతుంది, చప్పుడు తర్వాత వస్తుంది. వెళ్ళిపోయాక ఓ క్షణం ఏమీ వినబడదు. అప్పుడు కింద నీళ్ళు వినిపిస్తాయి.

ఆవిడ నవ్వు గట్టిదే. ముందు ముక్కులోంచి మొదలవుతుంది.

ఆరు వారాలుగా పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా వంతెన మొదట్లో మేమిద్దరం నిలబడి లెక్కపెడుతున్నాం. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. ఎనిమిదయ్యాక ఆవిడ ఒక్కతే ఆ లారీల్లో పడి బడికి పోతుంది, నేను షాపుకి. రోజుకి సగటున రెండొందల పధ్నాలుగు సైకిళ్ళు తేలాయి. పాలవాళ్ళు, మిల్లు కార్మికులు, రంపం సంచీ భుజానేసుకున్న వడ్రంగి, కాలేజీ పిల్లలు. ఇంజనీరు కాగితం చూసి మూడొందలుంటే ఆలోచిస్తామన్నాడు. "ఎనభై ఆరుమంది ఎక్కడున్నారో వెతకాలి" అంది టీచరు, వాళ్ళు ఇంట్లో ఏదో మంచం కింద దాక్కున్నట్టు.

వేసవి సెలవుల్లో మీ ఊరు రమ్మని ఆవిడని అడుగుదామనుకుంటున్నాను. నిన్ను చూడటానికి. అంటే, దానికోసమే కాదు. నీకు అర్థమైందిలే.

నత్త

*

సముద్రం ఒడ్డు
ఏప్రిల్ 22

నత్తా,

అర్థమైంది. మీ బావ పోయాక ఈ ఇంట్లో రెండో కంచం తీయలేదు. ఇప్పుడు రెండూ మూడూ తోమి పెట్టాను. అడుగు. రేపు ఎల్లుండి అనకు. నీ సంగతి నాకు తెలుసు, నువ్వు అడిగేలోపు ఆవిడ రిటైరవుతుంది.

అక్క

*

నది ఇవతలి గట్టు
జూన్ 16

అక్కా,

రాయడం ఆలస్యమైంది. మే నెల చివరి ఆదివారం వంతెన మీద టీచరుకి లారీ అద్దం తగిలింది. పడిపోయింది. మెడ కింద ఎముకా, కాలి మడమా విరిగాయి. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. లారీ ఆగలేదు.

ఆదివారం సైకిళ్ళు ఆగిపోయాయి. పళ్ళ డాక్టరు సైకిలు అమ్మేశాడు. బేకరీ ఆయన నన్ను చూస్తే రొట్టె పొట్లం కట్టడంలో మునిగిపోతాడు.

నేను రోజూ వెళ్ళి లెక్కపెడుతూనే ఉన్నాను. ఇక్కడ వానలు మొదలయ్యాయి. షాపులో పని బాగానే ఉంది.

నత్త

*

సముద్రం ఒడ్డు
జూన్ 25

ఒరేయ్,

ఏం ఉత్తరంరా అది? ఆసుపత్రిలో డిశ్చార్జి కాగితం మీద ఇంతకంటే ఎక్కువ రాస్తారు.

ఆవిడని చూడటానికి వెళ్ళావా? ఎవరున్నారు ఆవిడ దగ్గర? ఆ రోజు నువ్వెక్కడున్నావు? సెలవులకి రమ్మని అడిగావా, లేదా? నాలుగు ప్రశ్నలు. వానల సంగతి నేనడగలేదు.

అక్క

*

నది ఇవతలి గట్టు
ఆగస్టు 30

అక్కా,

నువ్వడిగినవి తర్వాత రాస్తాను. ముందు ఇది చెప్పాలి.

లెక్క పడిపోయింది. నూట అరవై మూడు. ఆ ప్రమాదం తర్వాత జనం జడిశారు. కావాలంటే నేను మూడొందలని రాసుకోవచ్చు, అడిగే నాథుడు లేడు. కానీ మేం లెక్క రాసే పుస్తకంలో మొదటి పేజీ ఆవిడ చేతిరాత. రాయలేకపోయాను.

అయితే ఓ రోజు ఒక సంగతి కనిపెట్టాను. ఒకామె, బుట్టలో టిఫిన్ డబ్బా, వంతెన మొదలుదాకా వచ్చింది. కాలు కింద పెట్టింది. లారీలు చూసింది. సైకిల్ వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి బస్సు కిటికీలో మళ్ళీ కనిపించింది. మర్నాడూ అంతే. రోజూ సైకిలేసుకుని వస్తుంది, రోజూ ధైర్యం చాలక తిరిగిపోతుంది. అప్పుడు చూడటం మొదలుపెట్టాను. ఆమె ఒక్కతే కాదు. ఇలా వచ్చి అలా తిరిగిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారక్కా! మేం ఎప్పుడూ దాటేవాళ్ళ మొహాలే చూశాం, తిరిగిపోయేవాళ్ళ వీపులు చూడలేదు. పుస్తకంలో రెండో గడి గీశాను. వెనక్కి తిరిగినవాళ్ళు. రోజుకి నూట నలభై దాకా ఉంటున్నారు.

మొన్న గురువారం టీచరు వచ్చింది. కుంటుతూ, సైకిల్ని చేత్తో తోసుకుంటూ. వంతెన మొదట్లో ఆగింది. సీటు మీద చెయ్యి వేసి నిలబడింది. ఎనిమిది లారీలు పోయేదాకా చూశాను. తొమ్మిదోది రాకముందే ఆవిడ సైకిలు తిప్పేసుకుంది. నేను దీపస్తంభం వెనక ఉన్నాను. రెండో గడిలో ఒక గీత గీశాను.

నత్త

*

సముద్రం ఒడ్డు
సెప్టెంబరు 8

తమ్ముడూ,

దీపస్తంభం వెనక దాక్కున్నావా? నలభై తొమ్మిదేళ్ళవాడివి! ఆవిడ అక్కడ నిలబడి వణుకుతుంటే నువ్వు గీత గీస్తున్నావా? నీ ఉత్తరం పట్టుకుని పక్కింటావిడ ముందు కూడా తిట్టాను నిన్ను. ఆవిడేమందో నాకు తెలీదు.

ఎందుకు తెలీదంటే, నాకు వినబడలేదు. ఏప్రిల్‌లోనే కుడి చెవి కూడా పోయింది. నీ వంతెన ఉత్తరం వచ్చిన వారమే. నీకప్పుడు సంతోషంగా ఉంది కదా అని రాయలేదు. తర్వాత నీకు కష్టంగా ఉందని రాయలేదు. ఉత్తరాల్లో ఇదొక సుఖం, గొంతు పట్టివ్వదు.

జులైలో సందు మలుపు దగ్గర ఓ మోటారుసైకిలు నా వెనకే హారన్ కొట్టుకుంటూ వచ్చిందట. నా మోచెయ్యి రాసుకుని పోయింది. అప్పట్నుంచి మా ఆసుపత్రిలోనే పనిచేసే ఆ పక్కింటావిడ చెయ్యి పట్టుకుని పనికి వెళ్తాను, ఆవిడ చెయ్యి పట్టుకుని వస్తాను. ఆవిడకి సెలవైతే నాకూ సెలవే. నీ పధ్నాలుగు అతుకులూ నేను రోజూ చదువుకుంటాను. ఈ ఇంట్లో చప్పుడంటే అదే.

కాబట్టి నన్నూ ఆ రెండో గడిలో వేసుకో. ఒక గీత.

ఇప్పుడు నిజం రాయి. ఆ ఆదివారం ఏం జరిగింది?

అక్క

*

నది ఇవతలి గట్టు
సెప్టెంబరు 19

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. నీ గొంతు మారలేదని ఎలా అనుకున్నానో. మారింది. చెవులతో విని రాయమన్నప్పుడే తెలుసుకోవాల్సింది. నేను నా గోలలో ఉన్నాను.

రాస్తున్నాను.

వంతెన మీద ఒకరి వెనక ఒకరు వెళ్ళాలని రూలు. ఆ రూలు పెట్టింది ఆవిడే. ఆ రోజు నేను వెనక నుంచి పక్కకి వచ్చాను. అడగాలని వారం నుంచి నోట్లో నలుగుతోంది, వంతెన దాటేలోపు అడిగెయ్యాలని పందెం వేసుకున్నాను నాతో నేను. నేను వంతెన అంచు వైపున్నాను. నాకు చోటివ్వడానికి ఆవిడ లారీల వైపు జరిగింది. "సెలవుల్లో మా అక్క దగ్గరికి వస్తారా? మన సంగతి కూడా మాట్లాడుకోవచ్చు" అన్నాను. ఆవిడ నా వైపు తల తిప్పింది. సైకిల్ మీద తల ఎటు తిరిగితే హ్యాండిల్ కాస్త అటు తిరుగుతుంది. సర్దుకోబోయి లారీల వైపు తూలింది. ఈలోపు అద్దం భుజానికి తగిలింది.

అదీ జరిగింది. బేకరీ ఆయన వెనకే ఉన్నాడు, చూశాడు. అందుకే నా మొహం చూడడు.

ఆసుపత్రికి వెళ్ళాను. వార్డు తలుపుదాకా. నిద్రపోతోంది. ఎవరూ లేరు దగ్గర. వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. ఆ రోజు నుంచి వంతెన మీద సైకిలు తొక్కలేదు నేను. మొదట్లో నిలబడి లెక్కపెడతానంతే. నా గీత కూడా రెండో గడిలోదే.

నత్త

*

సముద్రం ఒడ్డు
సెప్టెంబరు 27

తమ్ముడూ,

నీ తప్పు కాదని రాద్దామని కూర్చున్నాను. రాయలేదు. రాసినా నువ్వు నమ్మవు, ఆ మాట చెప్పాల్సింది నేను కాదు. ఆవిడ చెప్పకపోవచ్చు కూడా. తలుపు మొహాన వేసినా వేస్తుంది.

వెళ్ళు.

అక్క

*

నది ఇవతలి గట్టు
అక్టోబరు 28

అక్కా,

వెళ్ళాను. నాలుగు వీధుల అవతలే ఇల్లు. తలుపు తీసి, నన్ను చూసి, "రండి అద్దాలవారూ. నాలుగు వీధులు దాటడానికి ఐదు నెలలు పట్టిందా?" అంది. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. కుర్చీ నిండా పిల్లల పరీక్ష కాగితాలుంటే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"నేనడగబట్టే మీరు తల తిప్పారు" అన్నాను.

"అవును" అంది. నేను ఆశించింది అది కాదు. మళ్ళీ తనే, "మీరడగబట్టే తల తిప్పాను. లారీవాడు దూరం ఉంచకపోబట్టి పడ్డాను. రెండూ నిజమే. రెండోది పెద్ద అంకె" అంది. "కానీ మీరు రాకపోవడానికి ఆ లారీవాడు కారణం కాదు కదా. రోజూ సాయంత్రం గేటు చప్పుడైతే చూసేదాన్ని. మూడు నెలలు చూశాను. తర్వాత గేటుకి నూనె వేయించాను."

క్షమించమన్నాను. తలూపింది. టీ పెట్టింది. కుడి భుజం ఇంకా పూర్తిగా లేవదు, గిన్నె ఎడంచేత్తోనే దించింది. సాయం చేస్తానంటే వద్దంది.

లేచేముందు ఉండబట్టలేక అడిగేశాను. "ఆ రోజు ఏం చెప్పబోయారు?"

"వద్దని చెప్పబోయాను" అంది.

ఇంకా ఇలా అంది. "మీరంటే ఇష్టం లేక కాదు. లెక్కపెట్టడానికి మీకంటే మంచి తోడు దొరకదు. కానీ నాకు ఒక్కదాన్నే ఉండటం ఇష్టం. అలవాటు కాదు, ఇష్టం. ఇప్పటికీ అంతే. నవ్వుతూ చెబుదామనుకున్నాను, మీరు నొచ్చుకోకుండా. అందుకే తల తిప్పాను, లేకపోతే ముందుకు చూస్తూనే చెప్పేదాన్ని."

నేను సరేనన్నాను. గొంతు బాగానే పలికింది.

లెక్కల పుస్తకం ఇచ్చాను. అక్కడే నిలబడి తిరగేసింది. "ఆగస్టు పధ్నాలుగున కూడిక తప్పు" అంది. రెండో గడి దగ్గర ఆగింది. ఏమిటో చెప్పాను. ఆ గురువారం పేజీ తీసి, "ఈ గీత మీరు" అన్నాను.

"చూశారా? మరి పిలవలేదేం?"

"దీపస్తంభం వెనకున్నాను."

అప్పుడు నవ్వింది. భుజం పట్టుకుని నవ్వింది, నవ్వితే నొప్పట. గట్టి నవ్వే, ముక్కులోంచి. నీ కోసం జాగ్రత్తగా విన్నాను.

నత్త

*

సముద్రం ఒడ్డు
నవంబరు 9

తమ్ముడూ,

మూడు రోజులు నీ మీద జాలిపడ్డాను. నాలుగో రోజు ఆవిడ మీద గౌరవం పుట్టింది. ఎముకలు విరిగినా మొహమాటానికి కూడా "చూద్దాంలెండి" అనలేదు. అలాంటి మనిషి నీకు స్నేహితురాలిగా మిగిలితే, అదే చాలనను. చాలదని నాకు తెలుసు. కంచాలు లోపల పెట్టేశాను.

నువ్వు నాలుగు వీధులు నడిచావని చదివాక నాకు రోషమొచ్చింది. ఈ ఉత్తరం నేనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేస్తున్నాను. పక్కింటావిడకి చెప్పలేదు. గోడవారగా వెళ్తాను, అడుగడుక్కీ వెనక్కి చూసుకుంటాను. పిచ్చిదనుకుంటారు, అనుకోనీ. ఇది నీకు చేరిందంటే నేను డబ్బాదాకా చేరినట్టు. తిరిగి ఇంటికి చేరానో లేదో వచ్చే ఉత్తరంలో చెబుతాను.

అక్క

*

నది ఇవతలి గట్టు
డిసెంబరు 17

అక్కా,

చేరింది. ఇంటికి కూడా చేరావని నీ కార్డు చూసేదాకా అన్నం సయించలేదు.

నిన్న మున్సిపాలిటీలో మా అర్జీ విన్నారు. నేనూ టీచరూ వెళ్ళాం. బేకరీ ఆయన కూడా వచ్చాడు; నా పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా వెనక వరసలో కూర్చున్నాడు, వచ్చాడు చాలు. ఇంజనీరు పుస్తకం చూసి, "దాటినవాళ్ళు నూట అరవై మూడేగా. తిరిగిపోయినవాళ్ళు లెక్కలోకి ఎలా వస్తారండీ? వాళ్ళు దాటలేదు కదా" అన్నాడు.

టీచరు లేచింది. క్లాసులో వెనక బెంచీ వాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "దాటేవాళ్ళు దారి లేకపోయినా దాటుతున్నారండీ. దారి ఎవరికోసం వేస్తారు మరి? నేను ఇరవై రెండేళ్ళు ఆ వంతెన మీద సైకిలు తొక్కాను. ఆగస్టు ఇరవై ఎనిమిది, రెండో గడి, ఏడో వరసలో మొదటి గీత నేను. ఇప్పుడు బస్సులో వెళ్తున్నాను."

ఫ్యాను తిరుగుతోంది, కిర్రు కిర్రుమని. ఇంజనీరు పుస్తకం మూయకుండా పక్కన పెట్టుకున్నాడు. ఒక వైపు ఇనప కంచె వేసి నాలుగడుగుల దారి ఇస్తామన్నారు. రెండు వైపులా అడిగాం. ఒక వైపే ఇస్తారట.

నత్త

*

నది ఇవతలి గట్టు
మే 22

అక్కా,

సోమవారం దారి తెరిచారు. ఉపన్యాసాలు చెప్పారు, ఫోటోలు తీసుకున్నారు. పళ్ళ డాక్టరు కొత్త సైకిల్ మీద వచ్చి ముందు వరసలో నిలబడ్డాడు. మా పేర్లు ఎవరూ ఎత్తలేదు. టీచరు, "ఎత్తితే ఎండలో ఇంకో గంట నిలబడాల్సొచ్చేది" అంది.

అందరూ వెళ్ళిపోయాక ఇద్దరం దాటాం. దారి సన్నం, పక్కపక్కన పట్టదు. నన్ను ముందు వెళ్ళమంది. మొదట్లో కాలు కింద పెట్టి ఆగాను. వెనక నుంచి, "తల తిప్పకండి, నేనేమీ అడగను" అంది. తొక్కాను. సగం దూరం వెళ్ళాక వెనక చప్పుడేమీ లేదనిపించింది. తల తిప్పలేదు. అవతలి గట్టు మీద దిగి చూస్తే వెనకే ఉంది, మొహమంతా చెమట. అప్పుడు చెప్పింది, ఆవిడకి బదిలీ అయిందని, తనే అడిగి వేయించుకుందని. పుట్టిన ఊరి దగ్గర బడి. జూన్‌లో వెళ్ళిపోతుంది. సైకిల్ కూడా తీసుకెళ్తోంది. "ఉత్తరాలు రాయనండీ, నాకు చేతకాదు. ముందే చెబుతున్నాను" అంది. తర్వాత బదిలీ కాగితాల పని మీద బడి వైపు వెళ్ళిపోయింది. నేను ఇటు వచ్చేశాను.

షాపులో పది రోజులు సెలవడిగాను, ఇచ్చారు. జూన్ మూడున నీ దగ్గరికి వస్తున్నాను. ఒక్కణ్ణే. రోజూ సందు చివరిదాకా, పోస్టు డబ్బా దాటి, సముద్రందాకా వెళ్దాం. నేను నీ వెనక నడుస్తాను. హారన్ వినబడితే నీ భుజం మీద చెయ్యి వేస్తాను.

ఇవాళ పొద్దున్న ఐదున్నరకే మెలకువ వచ్చింది. లెక్కపెట్టే పని లేదు, అయినా వెళ్ళాను. సైకిళ్ళు పోతూనే ఉన్నాయి. కాలేజీ పిల్లలు పాటలు పాడుకుంటూ పోయారు. ఎవరికీ నేను తెలీదు. ఒకాయన నా పక్కన ఆగి ట్యూబులో గాలి చూసుకున్నాడు. కొత్తగా ఊళ్ళోకి వచ్చినట్టున్నాడు, క్యారియరుకి పరుపుచుట్ట కట్టి ఉంది. "ఈ సైకిల్ దారి ఎప్పట్నుంచుందండీ?" అని అడిగాడు.

"సోమవారం నుంచి" అన్నాను.

"అవునా? ఎప్పట్నుంచో ఉందేమో అనుకున్నా" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నత్త